మెర్ల్ ఆస్ట్రాండర్ వృక్షసేవ

ఎల్మ్‌క్రెస్ట్ కాలనీలో ఎల్మ్ చెట్టు ఒక్కటంటే ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ కొట్టేశాకే అక్కడ ఇళ్లు కట్టారు, కొట్టేసిన వాటి జ్ఞాపకార్థం కాలనీకి ఆ పేరు పెట్టారు. ఆ నరుకుడులో ఎలాగో బతికి బయటపడ్డ పెద్ద చెట్లు రెండు. ఒకటి మెర్ల్ ఆస్ట్రాండర్ ఇంటి ముందున్న మేపుల్, రెండోది పక్కింటి బెర్నీ కోజ్లిక్ పెరట్లో ఉన్న ఓక్. రెండూ నూరేళ్లు పైబడినవే. మిగతావన్నీ కాలనీవాళ్లు నర్సరీలో కొని నాటుకున్నవి.

మెర్ల్ ఒహాయోలోని ఆ ఊరి హైస్కూల్లో ఇరవై ఆరేళ్లు వైస్ ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. తప్పు చేసిన పిల్లలని బోర్డు దగ్గర నిలబెట్టి "నేను తప్పు చేశాను" అని వందసార్లు రాయించడం ఆయన ప్రత్యేకత. రిటైరైన మర్నాడు లేచి చూసుకుంటే సరిదిద్దడానికి చుట్టుపక్కల ఎవరూ దొరకలేదు. భార్య లోర్నా ఉంది గానీ, ఆవిడ పెళ్లైన కొత్తలోనే ఆ ఆశ పెట్టుకోవద్దని తేల్చి చెప్పేసింది. ఒక్క కాఫీ విషయంలోనే ఆవిడ ఓడిపోయింది. ఎప్పుడో ముప్పై ఏళ్ల కిందట ఓసారి కళ్లు తిరిగాయందని, ఆనాటినుంచీ ఆయన రోజూ ఆవిడ కప్పులో స్వయంగా రెండు చెంచాల చక్కెర వేసి కలుపుతున్నాడు. ఆవిడ వద్దంటూనే ఉంది, ఆయన కలుపుతూనే ఉన్నాడు.

ఇక మిగిలింది మేపుల్. నిజం చెప్పాలంటే మెర్ల్‌కి ఆ చెట్టంటే ప్రాణం. ఈ ఇల్లు కొన్నదే దాన్ని చూసి. అక్టోబరులో దాని ఆకులు ఎర్రబడ్డాయంటే ముందుగదిలో గోడలు కూడా ఎర్రబడేవి. పొద్దున్నే తలుపు తీసి మొదట దానికే గుడ్‌మార్నింగ్ చెప్పేవాడు, లోర్నాకి తర్వాత. అంత ప్రేమ ఉన్నవాడు ఊరికే కూర్చుంటాడా? కూర్చోలేదు. ఏ కొమ్మ కాస్త వంకరగా కనిపించినా నిచ్చెన వేసుకుని ఎక్కి, మాను మీద మొటిమంత కూడా మిగలకుండా నున్నగా కోసేవాడు. కోసిన చోటల్లా డబ్బాలోంచి నల్లరంగు పూసేవాడు. పచ్చిక కోసం అమ్మే ఎరువు తెచ్చి, పచ్చికకి వేసినదానికి రెట్టింపు చెట్టుకి వేసేవాడు.

వీటన్నిటినీ మించినది చెక్కపొట్టు సేవ. ఏటా ఏప్రిల్ రెండో శనివారం లారీ వచ్చి చెట్ల కింద తేమ ఆరకుండా పరిచే, రంగు వేసిన చెక్కపొట్టు నలభై బస్తాలు దింపి పోయేది. మెర్ల్ దాన్ని చెట్టు మొదట్లో పోసి, పారతో తట్టి, చుట్టూ తిరిగి నున్నగా శంకువులా తీర్చేవాడు. పాతది తీయడమనే మాట లేదు, దాని మీదే కొత్తది. అలా ఇరవై ఏళ్లయ్యేసరికి కుప్ప ఆయన బొడ్డుదాకా వచ్చింది. కాలనీ సంఘం ఇచ్చే 'ఈ నెల మేటి ముంగిలి' బోర్డు ఆయన గడ్డిలో పదకొండుసార్లు నిలబడింది.

బోర్డు చూసిన జనం ఊరుకుంటారా? మెర్ల్ చేసిందే అందరూ చేశారు. ఎదురింటి రిటైర్డ్ పళ్ల డాక్టరు వెండెల్ టబ్స్ ఏకంగా ఎర్రరంగు పొట్టు తెప్పించాడు. ఆ ఏడాది మెర్ల్ కూడా పట్టుదలకి పోయి ఎరుపే పోశాడు. చివరికి వీధి పొడుగునా ప్రతి చెట్టూ నడుందాకా కుప్పలో దిగబడి, దుప్పటి చుట్టుకుని కూర్చున్న ముసలివాడిలా కనిపించేది.

ఒక్క బెర్నీ చెట్టు తప్ప.

బెర్నాడెట్ కోజ్లిక్ ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది. బస్సుని తప్ప దేన్నీ శుభ్రంగా ఉంచలేదని మెర్ల్ అభిప్రాయం. ఆవిడ ఓక్ కింద రాలిన ఆకు రాలినట్టే ఉండేది. మాను మొదలు నేలలోకి దిగేచోట ఏనుగు పాదంలా వెడల్పై, బోసిగా, సిగ్గులేకుండా బయటికి కనిపించేది. పైగా ఒక ఎండుకొమ్మ సరిగ్గా మెర్ల్ గరాజు వైపు చాచుకుని ఉండేది. కిందటి ఆగస్టు గాలివానలో ఆ కొమ్మ చివర విరిగి మెర్ల్ మాంసం కాల్చుకునే కొత్త గ్రిల్లు మీద పడింది. గ్రిల్లు మీద పన్నెండు సాసేజులున్నాయి.

"నీ చెట్టుని అదుపులో పెట్టుకోవాలి బెర్నీ!" అన్నాడు మెర్ల్ కంచె దగ్గరికొచ్చి.

"చెప్పి చూశానయ్యా. అది నీ స్కూల్లో చదువుకోలేదుగా, వినట్లేదు" అందావిడ.

ఆ మాట మెర్ల్‌కి మండింది. ఆయన కాలనీ పచ్చదనం కమిటీకి అధ్యక్షుడు. ఆ చలికాలమంతా కూర్చుని ఒక నిబంధన రాశాడు. ఇంటికి ముప్పై అడుగుల లోపున్న ప్రతి పెద్ద చెట్టునీ లైసెన్సున్న వృక్షనిపుణులతో పరీక్ష చేయించాలి. ప్రమాదకరమని తేలితే అరవై రోజుల్లో కొట్టేయాలి. అప్పీలు లేదు. ఈ చివరి రెండు మాటలూ లావు అక్షరాల్లో వేయించాడు.

నిబంధనకి తగ్గ ఫారం కూడా తనే తయారుచేశాడు. అందులో రెండే గడులు: 'సురక్షితం', 'ప్రమాదకరం'. స్కూల్లో కూడా ఆయన పద్ధతి అదే. తప్పు చేశావా, లేదా? మధ్యలో "కానీ సార్..." అన్నది ఆయన చెవికి ఎక్కేది కాదు. కమిటీ కాఫీ తాగుతూ, నిమ్మకాయ కేకు తింటూ, చదవకుండానే నిబంధనని ఏకగ్రీవంగా ఆమోదించింది.

మే మొదటివారంలో వృక్షనిపుణురాలు వచ్చింది. పేరు డెల్ఫీన్ రకర్. నలభై ఏళ్లుంటాయి. నడుముకి తాళ్లు, భుజాన చేతిరంపం, జేబులో రబ్బరు సుత్తి. మెర్ల్ ఆవిణ్ణి నేరుగా బెర్నీ పెరట్లోకి నడిపించాడు. తన మేపుల్‌ని ఆఖర్న చూపిద్దామనుకున్నాడు. దానికొచ్చే సర్టిఫికెట్టుకి చట్రం కూడా కొని, వీధిలో అందరికీ చూపించి ఉంచాడు.

"ఇదేనమ్మా ఆ ముద్దాయి" అన్నాడు ఓక్‌ని చూపించి.

డెల్ఫీన్ చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగింది. సుత్తితో మానుని అక్కడక్కడా కొట్టి, చెవి ఆనించి విన్నది. వేళ్లతో మొదలంతా తడిమింది. తర్వాత తాడు వేసుకుని, మానుకి ఒక్క మేకు గుచ్చకుండా పైకి పాకి, కొమ్మకొమ్మనీ పలకరించినట్టు చూసి దిగింది.

"ఏం చేస్తారండీ దీనికి?" అని బెర్నీని అడిగింది.

బెర్నీ బిక్కమొహం వేసింది. "ఏమీ చెయ్యనమ్మా. ఒట్టు. దాని పాటికి అదుంటుంది, నా పాటికి నేనుంటాను."

"అలాగే ఉండండి. ఇనపగుండులా ఉంది. ఆ ఎండుకొమ్మ ఒక్కటి తీసేస్తే చాలు."

"మళ్లీ చూడండి" అన్నాడు మెర్ల్. "కంగారేం లేదు. తీరిగ్గా చూడండి."

డెల్ఫీన్ మళ్లీ చూడలేదు. పైకెక్కి ఎండుకొమ్మని తీసేసింది. ముందు మానుకి జానెడు దూరంలో కింద నుంచి చిన్న గాటు పెట్టింది, బరువుకి బెరడు చీలిపోకుండా. తర్వాత ఇంకాస్త అవతల పైనుంచి కోసి, కొమ్మని తాడుతో మెల్లిగా నేలకి దింపింది. మిగిలిన మొండిని ఆఖర్న కోసింది గానీ, మాను దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న భాగాన్ని ముట్టుకోలేదు.

"అదేంటి, అక్కడ గుబ్బలా వదిలేశారు?" అన్నాడు మెర్ల్ కిందనుంచి.

"గాయం మూసుకునేది దాంతోనే సార్. అది కోసేస్తే ఇంక మూతపడదు."

"రంగు వెయ్యరా?"

"దేనికి?"

మెర్ల్ జేబులో నల్లరంగు డబ్బా ఉంది. దాన్ని లోపలికి తోసుకున్నాడు.

డెల్ఫీన్ ఫారంలో 'సురక్షితం' గడిలో టిక్కు పెట్టింది. బెర్నీ ఆ కాగితాన్ని మడిచి, బస్సు నడిపినప్పటి పాత కోటు జేబులో పెట్టుకుంది. "చట్రం ఎక్కడ కొన్నావ్ మెర్ల్?" అని కూడా అడిగింది.

తర్వాత మెర్ల్, డెల్ఫీన్ మేపుల్ దగ్గరికి వచ్చారు, బెర్నీ కంచె అవతలే ఆగింది. లోర్నా కూడా బయటికొచ్చి మెట్ల మీద నిలబడింది. మెర్ల్ ఇరవై ఏళ్ల సేవనీ గుక్క తిప్పుకోకుండా వర్ణించాడు. డెల్ఫీన్ వినలేదు. తలెత్తి చెట్టు చివరలకేసి చాలాసేపు చూసింది. ఆకులు చిన్నవిగా, పలచగా ఉన్నాయి. పడమటివైపు ఆకుల మధ్యనుంచి ఆకాశం బాగా కనిపిస్తోంది.

"ఆ పలచదనం నా కత్తిరింపు వల్లే. గాలి ఆడాలని" అన్నాడు మెర్ల్.

"సార్, ఈ చెట్టుకి కాళ్లేవి?" అందావిడ.

"కాళ్లా?"

"మాను నేలలోకి దిగేచోట వెడల్పవ్వాలి. ఆవిడ ఓక్ చూశారుగా. మీది కరెంటు స్తంభం పాతినట్టుంది."

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని చేతులతో పొట్టు తవ్వడం మొదలుపెట్టింది. మెర్ల్‌కి ఎవరో తన పరుపు చింపుతున్నట్టనిపించింది. పైన గోధుమరంగు పొర. దాని కింద నలుపు. దాని కింద ఎరుపు, వెండెల్‌తో పంతానికి పోయిన ఏడాదిది. ఎరుపు కింద ఎప్పుడో పోయిందనుకున్న నీళ్ల పైపు ముక్క దొరికింది. ఇంకా కిందకెళితే 2009 జూన్ నాటి 'మేటి ముంగిలి' బోర్డు ఒకటి బయటపడింది.

"అది నేనే ఎత్తుకెళ్లానని కాలనీ మీటింగులో నామీద అనుమానపడ్డావ్ కదయ్యా" అంది బెర్నీ కంచె మీంచి.

దాని కిందనుంచి పుల్లటి వాసన వచ్చింది. బెరడు నల్లగా, నానిన అట్టముక్కలా ఉంది. మోచెయ్యంత లావు చెట్టు వేరు ఒకటి నేలలోకి వెళ్లకుండా, కుప్పలోనే తడికి మరిగి, మాను చుట్టూ తిరిగి దాన్ని బిగించేసింది. డెల్ఫీన్ సన్నటి ఇనపచువ్వ తీసి బెరడులో గుచ్చింది. అది గట్టిదేదీ తగలకుండా నాలుగంగుళాలు దిగిపోయింది.

"పురుగా?" అన్నాడు మెర్ల్. "ఏదన్నా తెగులా?"

"కాదు సార్. పొట్టు. బెరడుకి గాలి కావాలి. మీరు ఇరవై ఏళ్లుగా తడిబట్ట చుట్టి ఉంచారు." కాస్త ఆగి, మెత్తగా అంది. "మీరొక్కరే కాదు, ఈ దేశంలో సగం మంది ఇదే చేస్తారు. పైన కోసిన గాయాలు చూశాను. ఆ నల్లరంగు కింద ఒక్కటీ మూసుకోలేదు."

మెర్ల్ మెట్టు మీద కూలబడ్డాడు. చెట్టు చచ్చిపోతోంది, చంపుతున్నది తను. ఎవరన్నా చెంపమీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

"బతుకుతుందా?" అని లోర్నా అడిగింది.

"చెప్పలేనండీ. ఈ కుప్పంతా చేత్తో తీసెయ్యాలి, పార తగలకూడదు. ఆ వేరుని ఉలితో కొంచెం కొంచెంగా తెంపాలి. ఎండినవి తీసి, పైన బరువు తగ్గించాలి. ఏడాది చూడాలి. సగం బతకొచ్చు. కానీ..." అంటూ డెల్ఫీన్ ఫారం తిరగేసింది. "ఇక్కడ రెండే గడులున్నాయి. సురక్షితమని రాయలేను. రెండో గడిలో పెడితే అరవై రోజుల్లో కొట్టెయ్యాలంటోంది. ఇది ఎవరు తయారుచేశారు?"

లోర్నా మొగుడి వైపు చూసింది. బెర్నీ ఆకాశం వైపు చూసింది.

"కానీ మేడమ్..." అని మొదలుపెట్టి మెర్ల్ ఆగిపోయాడు. ఇరవై ఆరేళ్లు తను వినడానికి ఒప్పుకోని మాట అది.

"శుక్రవారం వరకూ కాగితం నా దగ్గర ఉంచుకుంటాను. మూడో గడి ఉంటే అందులో పెడతాను" అని డెల్ఫీన్ వెళ్లిపోయింది.

గురువారం మధ్యాహ్నం కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. క్లబ్‌హౌస్‌లో అదే కాఫీ, అవే నిమ్మకాయ కేకులు. విషయం అప్పటికే కాలనీ అంతా పాకింది కాబట్టి మామూలుగా ఐదుగురు వచ్చేచోటికి నలభై మంది వచ్చారు. మెర్ల్ లేచి, ఫారంలో మూడో గడి కలపాలని ప్రతిపాదించాడు. 'చికిత్సలో ఉంది, ఏడాది చూడాలి.'

"అప్పీలు లేదని లావు అక్షరాల్లో రాసింది నువ్వేగా మెర్ల్?" అన్నాడు వెండెల్ టబ్స్ కేకు నములుతూ. "బెర్నీ చెట్టు ప్రమాదకరమని తేలుంటే ఈ గడి అడిగేవాడివా?"

"అడిగేవాణ్ణి కాదు" అన్నాడు మెర్ల్.

"మరి నీ చెట్టుకే ఎందుకు?"

మెర్ల్ బల్లకేసి చూశాడు. ముందు రాత్రే ఒక ఉపన్యాసం రాసుకున్నాడు. వాతావరణం, వానలు, నర్సరీవాళ్ల మోసం, అన్నీ ఉన్నాయందులో. ఒక్కటి మాత్రం లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెట్టా, పరువా అని లోపల తేల్చుకోవడానికి పది క్షణాలు పట్టింది. ఆ పది క్షణాలకి తర్వాత చాలా రోజులు సిగ్గుపడ్డాడు.

"నేను తప్పు చేశాను" అన్నాడు.

వెనక వరసలో ఆయన పాత శిష్యుడొకడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, తుళ్లిపడి కాఫీ ఒలకబోసుకున్నాడు.

"చెక్కపొట్టు పోసి చంపాను. మంచి చేస్తున్నాననే పోశాను. నన్ను చూసి మీరూ పోశారు. వెండెల్, నీ చెట్టు కూడా కింద కుళ్లుతూనే ఉండుంటుంది. అందరివీ అంతే. ఇళ్లకెళ్లి తవ్వి చూసుకోండి."

హాలంతా గగ్గోలెత్తింది. ఆయన తప్పు ఒప్పుకోవడం వరకూ అందరికీ వినడానికి హాయిగానే ఉంది, తమ చెట్ల సంగతి ఎత్తాకే కోపాలు వచ్చాయి. మాది ఖరీదైన పొట్టని ఒకరు, మాకు బోర్డు వచ్చిందని ఒకరు. ప్రతిపాదనని బలపరిచేవాళ్లెవరని అడిగితే కమిటీలో ఒక్క చెయ్యీ లేవలేదు. లేపితే తన కుప్ప కింద ఏముందో ఒప్పుకున్నట్టేనని ఎవరి భయం వాళ్లది.

"నేను బలపరుస్తున్నా" అంది బెర్నీ, తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడి.

"నువ్వు కమిటీ సభ్యురాలివి కాదు" అన్నాడు వెండెల్.

"కాలనీలో ఉంటే చాలు, ఎవరైనా బలపరచొచ్చు. ఆరో నిబంధన. అది రాసింది కూడా ఈ మహానుభావుడే. నా చెట్టు కొట్టించడానికి జనాన్ని కూడగట్టుకోవాలని రాసుకున్నాడు, పాపం." ఆవిడ మెర్ల్ వైపు తిరిగింది. "నీ మొహం చూసి కాదయ్యా. ఆ చెట్టు నీడ మధ్యాహ్నం నా వంటింట్లోకి వస్తుంది."

చీటీల మీద ఓట్లు వేయిస్తే మూడు అటు, రెండు ఇటు పడి గడి వచ్చింది. మెర్ల్ ఓటు కలుపుకునే మూడు.

ఆ వేసవంతా మెర్ల్ బోర్లా పడుకుని చేతులతో పొట్టు తీశాడు. గోళ్లు నల్లబడ్డాయి, నడుం పట్టేసింది. తీసిన పొట్టు బండి మీద ఊరవతల తోటకి పోయింది. డెల్ఫీన్ మూడుసార్లు వచ్చి, ఉలితో ఆ వేరుని అంగుళం అంగుళం తెంపింది. ఆవిడ పని చేస్తున్నంతసేపూ ఏదో ఒకటి చెయ్యాలని మెర్ల్ చేతులు కొట్టుకునేవి. "మీరు జేబుల్లో చేతులు పెట్టుకోండి సార్, అదే పెద్ద సాయం" అనేది.

కాలనీ మాత్రం ఊరుకోలేదు. ముందు వెండెల్ రహస్యంగా తన చెట్టు తవ్వి చూశాడు, ఆ తర్వాత బహిరంగంగా తవ్వాడు. సెప్టెంబరుకల్లా ప్రతి ముంగిట్లో చెట్టు చుట్టూ గొయ్యి వెలిసింది. ఎవరి చెట్టు వేళ్లు ఎక్కువ కనిపిస్తే వాళ్లు గొప్ప. వెండెల్ తన గోతికి చుట్టూ పాలరాయి పరిచి, లోపల రంగుదీపాలు పెట్టించాడు. అక్టోబరు 'మేటి ముంగిలి' బోర్డు ఆయనకే వచ్చింది. వానలకి ఆ గోతిలో నీళ్లు నిలిస్తే ఏమవుతుందో చెబుదామని మెర్ల్ రెండుసార్లు వీధి దాటబోయాడు. రెండోసారి దాటి చెప్పాడు కూడా. "నువ్వా చెప్పేది!" అన్నాడు వెండెల్.

మళ్లీ ఏప్రిల్ వచ్చింది. మేపుల్ తూర్పువైపు చిగురేసింది. పడమటివైపు వెయ్యలేదు. మెర్ల్ రోజూ కిందనుంచి మెడ నొప్పెట్టేదాకా చూసేవాడు. ఆ నెలాఖరుకి డెల్ఫీన్ వచ్చి, ఎండిపోయిన పడమటి కొమ్మలు తాళ్లతో దింపేసింది. చెట్టు ఒకవైపు భుజం లేనివాడిలా నిలబడింది. ఆవిడ సుత్తితో కొట్టి విని, మొదట్లో కొత్తగా పట్టిన బెరడుని బొటనవేలితో నొక్కి చూసి, ఫారం తీసి మూడో గడిలోనే టిక్కు పెట్టింది.

"ఇంకో ఏడాది" అంది.

దానికి ముందే, ఆ నెల రెండో శనివారం మామూలుగానే పొట్టు లారీ వచ్చింది. నలభై బస్తాలు. వద్దని చెప్పడం మర్చిపోయాడు మెర్ల్. డ్రైవరు దింపబోతుంటే పరుగెత్తుకెళ్లి, చేతులు అడ్డం పెట్టి, వెనక్కి పంపించేశాడు. ఆ తర్వాత మెట్ల మీద కూర్చుని చెట్టుని చూస్తూ ఉండిపోయాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అంది బెర్నీ కంచె దగ్గరికొచ్చి.

"ఏమీ చెయ్యట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"పొద్దుట్నుంచి."

"కష్టంగా ఉందా?"

"చచ్చిపోతున్నాను బెర్నీ."

"అలవాటవుతుందిలే. నేను ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్నా" అని ఆవిడ లోపలికెళ్లింది.

లోర్నా రెండు కప్పుల కాఫీ, చక్కెర డబ్బా తెచ్చి మెట్టు మీద పెట్టి పక్కన కూర్చుంది. మెర్ల్ చెయ్యి అలవాటుగా చక్కెర డబ్బా వైపు వెళ్లింది. చెంచా నిండా తీశాడు కూడా. కప్పు మీదికి వచ్చాక చెయ్యి ఆగింది. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు.

"వెయ్యనా?" అని అడిగాడు.

ముప్పై ఏళ్లలో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. లోర్నా కప్పు రెండు చేతుల్తో దగ్గరికి తీసుకుంది.

"వద్దు" అంది. "ఎప్పుడూ వద్దనే చెబుతున్నా మెర్ల్."

ఆయన చెంచాలో చక్కెర మళ్లీ డబ్బాలో పోసి మూత పెట్టాడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. ఆవిడ చేదు కాఫీ తృప్తిగా, గుక్కగుక్కా తాగుతుంటే చూస్తూ కూర్చున్నాడు.